కాశీబుగ్గ బట్వాడా షీటు: గళ్లలో పేర్లు, అంకెలు వరసకు తెస్తున్న డైరీ

శనివారం, బట్వాడా అయ్యాక

కాశీబుగ్గలో మా మావయ్యకి చిన్న జీడిపప్పు షెడ్డు ఉంది. జీడి పిక్కలు ఉడికించడం, కటింగు, డ్రయ్యరు, పొట్టు తీయడం, గ్రేడింగు, చివరికి టిన్నులకెత్తడం అన్నీ అక్కడే. చుట్టుపక్కల ఊళ్ల నుంచి వచ్చే ఆడవాళ్లే పనిలో ఎక్కువ. కటింగు వాళ్లకీ పొట్టు వాళ్లకీ కిలోల లెక్కన కూలి. 2018 అక్టోబరులో తిత్లీ తుపానుకి షెడ్డు రేకులు లేచిపోయి పాత లెక్కల పుస్తకాలన్నీ తడిసి ముద్దయ్యాక మావయ్య కంప్యూటర్ కొన్నాడు. అప్పట్నుంచీ ఎవరు ఏ రోజు ఎన్ని కిలోలు చేశారో ఎక్సెల్‌లో ఎక్కించి, శనివారం సాయంత్రం ప్రింటు తీసి తలుపు పక్కన అంటిస్తున్నారు. అందరూ చూసుకుని సరే అన్నాకే బట్వాడా, అంటే వారం కూలి డబ్బులు పంచడం.

ఈ శనివారం నేను అక్కడే ఉన్నాను. కాగితంలో అంకెలు సరైనవే, మేస్త్రి నోటుబుక్కుతో పోల్చి చూశాను కాబట్టి ధైర్యంగా చెప్పగలను. అయినా దాని ముందు పెద్ద గలాటా అయింది. "ఏటమ్మా, నేను చేసిన పన్నెండు కిలోలు ఏటైపోనాయి?" అని ఒక పెద్దావిడ అడిగింది. ఆవిడ అంకె ఉంది, కానీ కింది గీతకి అంటుకుపోయి ఉంది, పేరేమో రెండు లైన్లుగా విరిగి పైనుంచి మొదలైంది, దాంతో ఆ అంకె కింద ఉన్న పేరుదనిపిస్తోంది. చదువు అంతంతమాత్రం ఉన్నవాళ్లకి మన లెక్క నిజమా కాదా అని తేల్చుకోవడానికి ఉన్న ఆధారం ఆ ఒక్క కాగితమే. అది చదవడానికి వీల్లేకుండా ఉంటే లెక్క ఎంత సరిగ్గా ఉన్నా ఉపయోగం లేదు.

మావయ్యతో చెప్పాను, ఈ షీటు నేను బాగుచేస్తానని. "అంకెలు మారకూడదమ్మా" అన్నాడు. మార్చను. ఎక్కడ ఉండాల్సినవి అక్కడ ఉండేలా చేస్తాను, అంతే.

ఆదివారం

ఫైలు నా ల్యాప్‌టాప్‌లోకి కాపీ చేసుకుని తెరిచాను. మొదట చేసిన పని రంగులూ గీతలూ కాదు, ఉన్న అలైన్‌మెంట్ మొత్తం తీసేయడం. షీటంతా సెలక్ట్ చేసి, కంట్రోల్‌తో 1 నొక్కితే ఫార్మాట్ సెల్స్ పెట్టె వస్తుంది, అందులో అలైన్‌మెంట్ ట్యాబులో హారిజాంటల్ అన్న చోట జనరల్ పెట్టాను.

ఎందుకంటే మనం ఏమీ చెప్పకపోతే ఎక్సెల్ అక్షరాలని ఎడమకి, అంకెలని కుడికి పెడుతుంది, ఒప్పా తప్పా అని చెప్పే విలువల్నీ ఎర్రర్లనీ మధ్యలో పెడుతుంది. అంటే ఏ గడిలో ఏముందని ఎక్సెల్ అనుకుంటోందో అలైన్‌మెంటే మనకి చెప్పేస్తుంది. చాలామంది షీటు తెరవగానే అంతా సెలక్ట్ చేసి సెంటర్ కొట్టేస్తారు, చూడ్డానికి నీటుగా ఉంటుందని. అలా చేస్తే ఆ గుర్తు పోతుంది, లోపల అంకె ఉందో అంకెలా కనిపించే అక్షరాలున్నాయో ఇక కంటికి తెలియదు. నా ఉద్దేశంలో డేటా శుభ్రం చేయడం పూర్తయ్యేదాకా సెంటర్ బటన్ ముట్టుకోకూడదు.

జనరల్ పెట్టగానే ఈ షీటు అసలు సంగతి బయటపడింది. కిలోల కాలమ్ దాదాపు అంతా ఎడమకి వెళ్లిపోయింది. అన్నీ టెక్స్టే! కారణం వెతికితే దొరికింది. 12.50 అని కొడితే ఎక్సెల్ చివరి సున్నా తీసేసి 12.5 అని చూపిస్తుంది, అది నచ్చక ఇంతకుముందు లెక్కలు చూసిన అబ్బాయి ఆ కాలమ్ ఫార్మాట్‌ని టెక్స్ట్ చేశాడు. టెక్స్ట్ అయ్యాక అంకెలు ఎడమకి వచ్చేశాయి కాబట్టి వాటిని కుడివైపు నెట్టడానికి ముందర స్పేసులు కొట్టాడు, ఒక్కో గడిలో ఒక్కోలా. సమ్ ఫార్ములా టెక్స్ట్ అంకెల్ని లెక్కలోకి తీసుకోదు, అందుకని మొత్తాలు కాలిక్యులేటర్ మీద వేసి చేత్తో ఎక్కించాడు. పాపం ఎంత పని చేశాడో. అతని అవసరం న్యాయమైనదే, సున్నా కనిపించాలి, దశాంశ బిందువులు ఒకదాని కింద ఒకటి ఉండాలి. ఆ పని చేసిపెట్టే చోటు నంబర్ ఫార్మాట్ అని అతనికి ఎవరూ చెప్పలేదు.

సరిచేసిన వరస ఇది. ఆ ఒక్క కాలమ్ మాత్రం సెలక్ట్ చేసి, ఫైండ్ అండ్ రిప్లేస్‌లో స్పేస్ వెతికి ఏమీ లేకుండా మార్చాను. తర్వాత ఫార్మాట్‌ని టెక్స్ట్ నుంచి నంబర్‌కి మార్చాను. ఇక్కడ చాలామంది ఆగిపోతారు, ఫార్మాట్ మార్చినా పాత గడులు టెక్స్టుగానే ఉండిపోతాయి, వాటిని మళ్లీ ఎక్కించినట్టు చేయాలి. అందుకు డేటా ట్యాబులో టెక్స్ట్ టు కాలమ్స్ తెరిచి, ఇంకేమీ మార్చకుండా నేరుగా ఫినిష్ నొక్కితే చాలు, కాలమ్ మొత్తం ఒక్కసారిగా కుడికి జరిగింది.

జరగనివి కొన్ని మిగిలాయి. ఒకదాంట్లో సున్నా బదులు ఇంగ్లీషు ఓ అక్షరం, కొన్నింట్లో అంకె పక్కన "కేజీ" అని రాసి ఉంది. జనరల్ అలైన్‌మెంట్ ఉండబట్టే అవి ఎడమ పక్కన ఒంటరిగా నిలబడి కనిపించాయి. యూనిట్ ఎప్పుడూ హెడ్డింగులో ఉండాలి, గడిలో కాదు.

ఇప్పుడు నంబర్ ఫార్మాట్ 0.00 అని పెట్టాను. 12.50, 9.00, 7.25 అన్నీ కుడికి చేరి బిందువులు ఒకే నిలువు గీత మీద కూర్చున్నాయి. చివరి సున్నాలు వద్దు కానీ బిందువులు మాత్రం కలవాలి అనుకునేవాళ్లకి 0.0? అనే ఫార్మాట్ ఉంది, ఆ ప్రశ్నార్థకం సున్నా చోట ఖాళీ వదులుతుంది. మాకు మాత్రం సున్నా ఉండటమే మంచిది, కూలి కాగితంలో ఖాళీ కనిపిస్తే ఏదో చెరిపేశారని అనుమానం వస్తుంది.

ఆదివారం రాత్రి, తేదీలు

తేదీల కాలమ్‌లో సగం కుడికి, సగం ఎడమకి. మనం కాగితం మీద 12.4.24 అని చుక్కలు పెట్టి రాస్తాం, అదే అలవాటుగా కంప్యూటర్‌లోనూ వచ్చేస్తుంది. మన దేశపు సెట్టింగులో ఎక్సెల్ తేదీకి అడ్డగీతో వాలుగీతో ఆశిస్తుంది, చుక్కలతో రాస్తే తేదీ అనుకోదు, టెక్స్ట్ కింద ఎడమకి పెడుతుంది. అలాంటి తేదీల మీద సార్టింగ్ పెడితే 2వ తేదీ 19 తర్వాత వస్తుంది.

తేదీల కాలమ్ వరకే సెలక్ట్ చేసి చుక్కల్ని అడ్డగీతలుగా మార్చాను. ఈ పని చేసే ముందు రెండు చూసుకోవాలి. సెలక్షన్ ఆ కాలమ్ దాటకూడదు, దాటితే కిలోల్లో దశాంశ బిందువులు కూడా గీతలైపోతాయి. కంప్యూటర్ రీజియన్ ఇండియాకి పెట్టి ఉందా అన్నది రెండోది, అమెరికా పద్ధతిలో ఉంటే ఏప్రిల్ 12 కాస్తా డిసెంబరు 4 అయిపోతుంది, పైగా అది కూడా బుద్ధిగా కుడికే ఉంటుంది కాబట్టి అలైన్‌మెంట్ చూసి పట్టుకోలేం. రోజుకీ నెలకీ రెండేసి అంకెలు ఉండే ఫార్మాట్ ఇచ్చాను, దాంతో అన్ని తేదీలూ ఒకే పొడవు వచ్చాయి. ఒకే పొడవున్న వాటిని మధ్యలో పెట్టినా వరస చెడదు, అందుకే తేదీ కాలమ్‌కి సెంటర్ ఇచ్చాను.

మంగళవారం, మెర్జ్ చేసిన గళ్లు

శ్రీకాకుళం వచ్చేశాను, ఉద్యోగం అయ్యాక రాత్రిపూట కూర్చుంటున్నాను. ఈ రోజంతా మెర్జ్ గళ్లతోనే, అంటే కొన్నిటిని కలిపేసి ఒకటిగా చేసిన గళ్లతోనే, సరిపోయింది.

పాత షీటులో ఒక రోజు పని చేసిన వాళ్లందరి పక్కనా తేదీ గడి ఒక్కటే, నిలువుగా మెర్జ్ చేసి మధ్యలో తేదీ రాసి ఉంది. చూపుకి బాగుంటుంది, ఒప్పుకుంటాను. కానీ మెర్జ్ చేసిన గళ్ల గుంపులో విలువ ఉండేది పై ఎడమ గడిలో మాత్రమే, మిగతావన్నీ ఖాళీ. తేదీని బట్టి కూడమంటే ఆ రోజు మొదటి మనిషి కిలోలే వస్తాయి, మిగిలినవాళ్లు ఏ తేదీకీ చెందరు. సార్ట్ చేయబోతే మెర్జ్ చేసిన గళ్లన్నీ ఒకే సైజులో ఉండాలని ఎక్సెల్ మొండికేస్తుంది. పేరు ప్రకారం వెతుక్కోవడం ఇంతకాలం ఎందుకు కుదరలేదో ఇప్పుడు అర్థమైంది.

విడగొట్టిన పద్ధతి: తేదీ కాలమ్ సెలక్ట్ చేసి అన్‌మెర్జ్. సెలక్షన్ తీయకుండా కంట్రోల్‌తో జీ నొక్కి, స్పెషల్‌లో బ్లాంక్స్ ఎంచుకుంటే ఖాళీ గళ్లు మాత్రమే సెలక్ట్ అవుతాయి. అప్పుడు సమానం గుర్తు కొట్టి, పైకి బాణం ఒకసారి నొక్కి, కంట్రోల్‌తో ఎంటర్. ప్రతి ఖాళీ గడీ తన పై గడిలో ఉన్న తేదీని తెచ్చుకుంటుంది. ఆపైన కాలమ్ మొత్తం కాపీ చేసి విలువలుగా పేస్ట్ చేసేయాలి, లేకపోతే సార్ట్ చేసినప్పుడు ఫార్ములాలు తికమక పడతాయి.

ఇక ప్రతి లైనులో అదే తేదీ మళ్లీ మళ్లీ కనిపిస్తే కాగితం బరువుగా ఉంటుంది. దానికి కండిషనల్ ఫార్మాటింగ్‌లో, గడి విలువ పై గడితో సమానమైతే ;;; అనే నంబర్ ఫార్మాట్ వర్తించేలా పెట్టాను. మూడు సెమికోలన్లు అంటే విలువ ఉన్నా చూపించవద్దని. తెల్లక్షరాలు పెట్టడం కంటే ఇది మేలు, వెనక రంగు వేసినా బయటపడదు. తేదీ ప్రతి గడిలోనూ ఉంది, కంటికి మాత్రం రోజుకి ఒకసారే కనిపిస్తుంది. సార్ట్ మార్చినా దానంతటదే సర్దుకుంటుంది. నాకు ఈ ప్రాజెక్టులో అన్నిటికన్నా సంతోషం ఇచ్చిన భాగం ఇదే.

పైన షెడ్డు పేరు, వారం వివరం కూడా మెర్జ్ అండ్ సెంటర్‌తోనే ఉన్నాయి. వాటినీ విప్పేశాను. పేరు మొదటి గడిలో పెట్టి, ఆ వరసలో చివరి కాలమ్ దాకా సెలక్ట్ చేసి, ఫార్మాట్ సెల్స్‌లో హారిజాంటల్ కింద సెంటర్ అక్రాస్ సెలక్షన్ ఎంచుకుంటే అచ్చం మెర్జ్ చేసినట్టే మధ్యలో వస్తుంది, గళ్లు మాత్రం విడివిడిగానే ఉంటాయి, కాలమ్ సెలక్ట్ చేయాలన్నా జరపాలన్నా అడ్డు రాదు. రిబ్బన్ మీద దీనికి బటన్ లేకపోవడం వల్ల ఎక్కువమందికి తెలియదు, మెర్జ్ బటన్ మాత్రం అందరికీ ఎదురుగా కనిపిస్తుంది.

బుధవారం, తెలుగు అక్షరాల ఎత్తు

ఇంగ్లీషులో షీట్లు చేసేవాళ్లకి ఈ బాధ తెలియదు. కాలిబ్రి 11 సైజుకి ఎక్సెల్ వరస ఎత్తు 15 పాయింట్లు. మన అక్షరాలకి పైన గుడులు, కింద ఒత్తులు. పూండి అంటే ఫరవాలేదు, బ్రాహ్మణతర్ల, వజ్రపుకొత్తూరు లాంటి ఊళ్ల పేర్లకి 15లో కింద ఒత్తులు గీతకి తగిలి తెగిపోతాయి. ఎక్సెల్ మామూలుగా ఎత్తు దానంతటదే పెంచుతుంది, కానీ ఒకసారి మనం చేత్తో ఎత్తు పెడితే ఆ వరసకి ఇక పెంచడం మానేస్తుంది. పాత షీటులో అన్ని వరసలకీ 15 అని బిగించి ఉంది.

మొత్తం షీటుకి ఒకే ఫాంటు పెట్టాను, నిర్మలా యూఐ. విండోస్ 8 నుంచి అది సిస్టంతోనే వస్తుంది, కాబట్టి షెడ్డు కంప్యూటర్‌లోనూ ఉంటుంది, తెలుగూ అంకెలూ రెండూ అందులోనే ఉన్నాయి. ముందు పేర్లు గౌతమిలో, అంకెలు కాలిబ్రిలో ఉండేవి, ఒకే లైనులో రెండు ఫాంట్లుంటే ఒకే సైజన్నా ఒకటి పెద్దగా ఒకటి చిన్నగా కనిపిస్తుంది. వరస ఎత్తు 22 చేశాను.

నిలువు అలైన్‌మెంట్ గురించి కాస్త ఎక్కువ రాస్తాను, శనివారం గొడవ దీని మూలంగానే వచ్చింది. ఎక్సెల్ ఏమీ చెప్పకపోతే గడిలో ఉన్నదాన్ని అడుగుకి చేరుస్తుంది. వరస మొత్తం ఒకే లైను ఉన్నంతసేపూ ఇది తెలియదు. అప్పలనరసమ్మ లాంటి పొడుగు పేరు, పక్కన భర్త పేరు, ర్యాప్ టెక్స్ట్ వల్ల రెండు లైన్లు అయ్యిందంటే అంకె మాత్రం కింది లైను దగ్గర ఉండిపోతుంది, కన్ను పేరు మొదటి లైను నుంచి అడ్డంగా వెళ్లి ఖాళీలోకి చేరుతుంది. ఇలాంటి చోట రెండే దార్లు. ఒకటి, పేరు విరగకుండా కాలమ్ వెడల్పు చేసి అన్నీ మిడిల్‌లో పెట్టడం. రెండు, విరగక తప్పని షీటైతే అన్ని గళ్లనీ టాప్‌కి పెట్టడం, అప్పుడు ప్రతి గడిలో మొదటి లైను ఒకే ఎత్తులో మొదలవుతుంది. కూలి షీటుకి మొదటిది ఎంచుకున్నాను. పేరుకి ఒక కాలమ్, ఊరుకి ఇంకో కాలమ్, రెండూ విరగవు. మేస్త్రి రాసే పొడుగు గమనికల కాలమ్‌ని వేరే షీటుకి పంపించాను, అక్కడ ర్యాప్ టెక్స్ట్, టాప్.

ష్రింక్ టు ఫిట్ అని ఒకటుంది, గడిలో పట్టకపోతే అక్షరాలనే చిన్నవి చేస్తుంది. మనుషుల పేర్లకి అది వాడొద్దని నా గట్టి అభిప్రాయం. పొడుగు పేరున్న మనిషి పేరు అందరికంటే చిన్నగా కనిపించడం మర్యాద కాదు, చత్వారం ఉన్నవాళ్లకి కనిపించదు కూడా.

గురువారం, హెడ్డింగులు, ఇరుకు

హెడ్డింగు ఎప్పుడూ తన కింద ఉన్నదాని వైపే ఉండాలి. పేరు ఎడమ అయితే "పేరు" అన్న హెడ్డింగూ ఎడమ, కిలోలు కుడి అయితే హెడ్డింగూ కుడి. అన్ని హెడ్డింగులూ మధ్యలో పెట్టి కింద అంకెలు కుడికి ఉంటే వెడల్పు కాలమ్‌లో హెడ్డింగు ఒక దారి, అంకెలు ఒక దారి అవుతాయి.

మన హెడ్డింగులు పొడుగు. "పొట్టు తీసిన పప్పు కిలోలు" అని ఒకే లైనులో పెడితే రెండంకెల విలువకి జానెడు కాలమ్ కావాలి. ర్యాప్ టెక్స్ట్ పెట్టి వదిలేస్తే తనకి తోచిన చోట విరుస్తుంది, మరీ ఇరుకైతే పదం మధ్యలోనే విరిచేస్తుంది. అందుకని ఎక్కడ విరగాలో నేనే ఆల్ట్‌తో ఎంటర్ నొక్కి చెప్పాను: "పొట్టు తీసిన" పైన, "పప్పు, కిలోలు" కింద. లిబ్రేఆఫీస్ వాడేవాళ్లకి అదే పని కంట్రోల్‌తో ఎంటర్. హెడ్డింగు వరసకి మాత్రం నిలువు అలైన్‌మెంట్ అడుగుకే ఉంచాను, ఒక లైను హెడ్డింగులూ రెండు లైన్ల హెడ్డింగులూ పక్కపక్కన ఉన్నప్పుడు అన్నీ డేటాకి దగ్గరగా ఉంటాయి. హెడ్డింగుని 90 డిగ్రీలు తిప్పి నిలబెడితే జాగా కలిసొస్తుందని మా తమ్ముడు అన్నాడు. తిప్పి చూశాను కూడా. తెలుగు మెడ వంచి చదవాల్సి వస్తోంది, ఒత్తులు పక్క గీతల మీదకి వస్తున్నాయి. హాజరు షీటులో తేదీల అంకెలకైతే సరే, మాటలకి వద్దు.

తర్వాత ఇరుకు సమస్య. కుడికి పెట్టిన అంకెల కాలమ్ పక్కనే ఎడమకి పెట్టిన మాటల కాలమ్ వస్తే రెండూ గీత దగ్గర ఢీకొంటాయి, "12.50పూండి" అని ఒకే ముక్కలా కనిపిస్తుంది. మధ్యలో ఖాళీ కాలమ్ పెట్టడం మంచి మందు కాదు, ఫిల్టరూ సార్టూ అక్కడ తెగిపోయే ప్రమాదం ఉంది. ఇండెంట్ ఇందుకే ఉంది. మాటల కాలమ్‌కి ఎడమ ఇండెంట్ 1 ఇచ్చాను. ఆల్ట్ నొక్కి వదిలి, హెచ్, 6 కొడితే ఒక అడుగు లోపలికి, హెచ్, 5 కొడితే వెనక్కి. అంకెల కాలమ్‌కి కూడా కుడి ఇండెంట్ 1 ఇవ్వొచ్చు, లేదా ఫార్మాట్ చివర 0.00_) అని రాస్తే ఒక బ్రాకెట్ వెడల్పు ఖాళీ వదులుతుంది. ఈ చిన్న ఖాళీలతోనే షీటు ఊపిరి పీల్చుకున్నట్టు కనిపించింది.

అదే చేత్తో డబ్బుల కాలమ్. కంప్యూటర్ రీజియన్ వేరేగా ఉంటే కామాలు లక్షల పద్ధతిలో పడవు, 1,25,000 బదులు 125,000 అని వస్తుంది. రీజియన్ మార్చడమే సరైన దారి, అది కుదరని కంప్యూటర్లో ఈ కస్టమ్ ఫార్మాట్ పనిచేస్తుంది:

[>=10000000]##\,##\,##\,##0;[>=100000]##\,##\,##0;##,##0

రూపాయి గుర్తు ప్రతి గడిలో పెట్టలేదు, హెడ్డింగులోనూ మొత్తం గడిలోనూ చాలు. పని లేని రోజు 0.00 అని కాకుండా గీత కనిపించాలన్నాడు మావయ్య, కిలోల ఫార్మాట్‌ని 0.00;-0.00;"-"?? అని మార్చాను. ఆ రెండు ప్రశ్నార్థకాల వల్ల గీత మరీ కుడి అంచుకి పోకుండా అంకెల మధ్యకి దగ్గరగా నిలబడుతుంది.

శుక్రవారం, గ్రేడుల షీటు

ఇది మావయ్య అడిగిన అదనపు పని. గ్రేడుల పేర్లలో అక్షరాలూ అంకెలూ కలిసి ఉంటాయి: డబ్ల్యూ 180, డబ్ల్యూ 210, డబ్ల్యూ 240, డబ్ల్యూ 320, డబ్ల్యూ 450. ఆ అంకె ఒక పౌనుకి, అంటే 454 గ్రాములకి, ఎన్ని గుండు పప్పులు తూగుతాయో చెబుతుంది. అంకె తగ్గేకొద్దీ పప్పు పెద్దది, ధర ఎక్కువ. ఇవి కూడాల్సిన అంకెలు కావు, పేర్లు. పేర్లంటే ఎడమకే. కొందరు వీటిని కుడికి పెడతారు, దాంతో పక్కన ఉన్న కిలోల కాలమ్‌తో కలిసి ఇదీ ఒక పరిమాణమే అనిపిస్తుంది. బద్దలు, పెద్ద ముక్క, చిన్న ముక్క వాటి కోడ్‌లు పొట్టీ పొడుగూ ఉంటాయి కాబట్టి మధ్యలో పెడితే ఎడమ అంచు వంకరటింకరగా వస్తుంది, అదీ వద్దనుకున్నాను.

గుండు, బద్ద, ముక్క అని మూడు తలలు పెట్టి, వాటి కింద గ్రేడులని ఇండెంట్ 2తో లోపలికి జరిపాను. ముందర స్పేసులు కొడితే చూడ్డానికి ఇలాగే ఉంటుంది, కానీ అప్పుడు స్పేసులతో కూడిన డబ్ల్యూ 240 వేరు, మామూలు డబ్ల్యూ 240 వేరు అయిపోయి ధరల షీటు నుంచి ధర తెచ్చుకునే ఫార్ములా ఖాళీ చేతులతో తిరిగొస్తుంది. ఇండెంట్ గడిలోని విలువని ముట్టుకోదు.

అవుటర్న్ కాలమ్ కూడా ఉంది. వ్యాపారంలో దాన్ని 80 కిలోల బస్తా పిక్కలకి ఎన్ని పౌన్ల పప్పు వస్తుందని లెక్కేస్తారు. 48 అంటే 21.77 కిలోలు. పౌన్ల కాలమూ కిలోల కాలమూ పక్కపక్కనే ఉన్నాయి కాబట్టి రెండిటికీ దశాంశాలు వేరేగా ఇచ్చాను, పౌన్లకి ఒకటి, కిలోలకి రెండు. ఒక కాలమ్ లోపల దశాంశాలు ఒకేలా ఉండాలి, కాలమ్‌కీ కాలమ్‌కీ మధ్య ఉండాల్సిన పని లేదు.

శనివారం పొద్దున, ప్రింటు

మళ్లీ కాశీబుగ్గ వచ్చి షెడ్డు కంప్యూటర్‌లో ఫైలు తెరిచాను. రెండు కాలమ్‌లలో ##### వచ్చింది. ఆ కంప్యూటర్ స్క్రీను, ప్రింటరు వేరు కాబట్టి వెడల్పులు కాస్త తేడా పడ్డాయి, అంకె పట్టనప్పుడు ఎక్సెల్ సగం అంకె చూపించకుండా ఇలా కంచె కట్టేస్తుంది. అది మంచిదే, సగం అంకె చూపిస్తే ఇంకా ప్రమాదం. కాలమ్ గీత మీద డబుల్ క్లిక్ చేస్తే సరిపోయింది, తర్వాత ప్రతి అంకెల కాలమ్‌కీ కాస్త ఎక్కువే వెడల్పు వదిలాను.

ఏ4, అడ్డంగా. వెడల్పు ఒక పేజీలో పట్టేలా, పొడవు ఎన్ని పేజీలైనా సరే అని పెట్టాను. పొడవు కూడా ఒకే పేజీకి కుక్కితే అక్షరాలు చీమల్లా అవుతాయి. ప్రింట్ టైటిల్స్‌లో హెడ్డింగు వరస ఇచ్చాను, ప్రతి పేజీ మీదా వస్తుంది. మార్జిన్స్‌లో హారిజాంటల్‌గా పేజీ మధ్యకి. అన్ని గీతలూ తీసేసి, వరసల మధ్య పల్చటి అడ్డగీతలు మాత్రం ఉంచాను, అలైన్‌మెంట్ సరిగ్గా ఉంటే నిలువు గీతల పని అదే చేసిపెడుతుంది. మొత్తాల వరస పైన ఒక ముదురు గీత, మొత్తాలకీ పై అంకెల ఫార్మాటే.

షెడ్డు పేరుకి మాత్రం గిడుగు ఫాంటు పెట్టాను. మన శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో 1863లో పుట్టిన గిడుగు రామమూర్తి గారి పేరు మీద ఉన్న ఫాంటు, గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరుకుతుంది. అది పెద్ద సైజులో హెడ్డింగుకే బాగుంటుంది, పేర్లకీ అంకెలకీ కాదు. వ్యవహార భాషలో రాస్తేనే జనానికి అందుతుందని పోరాడిన మనిషి పేరు కూలి కాగితం మీద ఉండటం నాకు చాలా బాగా అనిపించింది. అదే ఊపులో "హాజరు దినములు" అని ఉన్న హెడ్డింగుని "పనిచేసిన రోజులు" చేశాను.

శనివారం రాత్రి

బట్వాడా అయింది. కాగితం ముందు గుంపు ఉంది కానీ గోల లేదు. పేర్లు అక్షరక్రమంలో ఉన్నాయి, మెర్జ్ పోయింది కాబట్టే అది కుదిరింది. పోయినవారం అడిగిన పెద్దావిడ మనవరాల్ని వెంట తెచ్చుకుంది, ఆ పిల్ల పేరు పట్టుకుని అడ్డంగా చదువుకుంటూ పోయి మొత్తం చెప్పింది, ఆవిడ తన వేళ్ల లెక్కతో సరిచూసుకుని "సరిపోనాయి" అంది. ఇంకొకావిడ తన లెక్కలో బుధవారం అంకె తక్కువుందని పట్టుకుంది. మేస్త్రి నోటుబుక్కు తీసి చూస్తే ఆవిడ చెప్పిందే నిజం, ఎక్కించేటప్పుడు 11.25కి బదులు 1.25 పడింది. బిందువుల వరసలో ముందర ఒక అంకె లేని చోటు కాగితం మీద గుంటలా కనిపిస్తోంది, అందుకే ఆవిడకి వెంటనే తెలిసింది. డబ్బులు సరిచేసి ఇచ్చారు. పాత కాగితంలో స్పేసులు కొట్టి నెట్టిన అంకెల మధ్య ఆ తేడా ఎవరికీ కనిపించేది కాదు.

మావయ్య కొత్తగా పెట్టిన అమ్మాయికి ఫైలు అప్పజెప్పాలి కాబట్టి అలైన్‌మెంట్లన్నీ సెల్ స్టైల్స్‌గా దాచాను: పేరు, కిలోలు, డబ్బు, తేదీ, హెడ్డింగు. కొత్త కాలమ్ వస్తే స్టైల్ మీద ఒక్క క్లిక్కు, ఒక్కో గడినీ సర్దక్కర్లేదు. ఒకచోటి పద్ధతిని నాలుగు చోట్ల పూయాలంటే ఫార్మాట్ పెయింటర్ మీద డబుల్ క్లిక్ చేస్తే ఎస్కేప్ నొక్కేదాకా వదలకుండా ఉంటుందని చూపించాను. కిలోల కాలమ్‌కి డేటా వాలిడేషన్ కూడా పెట్టాను, అంకె తప్ప ఇంకేది కొట్టినా తీసుకోదు.

మిగిలినవి: మేస్త్రి ఫోనులో గూగుల్ షీట్స్‌లో చూస్తానంటున్నాడు, అక్కడ గమనికల కాలమ్ పక్క గళ్ల మీదకి పొర్లుతోంది, దానికి ర్యాపింగ్‌లో క్లిప్ పెట్టి చూడాలి. మార్చి నుంచి కొత్త పిక్కలు వస్తాయి, ఆ లోపు రైతుల దగ్గర కొనుగోలు షీటు కూడా ఇదే స్టైల్స్‌తో తయారు చేయాలి. అందులో బస్తాలు, కిలోలు, తేమ శాతం మూడూ ఉంటాయి, శాతానికి ఎన్ని దశాంశాలు చూపించాలో మావయ్యని అడగాలి.